పచ్చిచేపల గ్రాఫు

మా బడిలో లెక్కల టీచరుగారు పిల్లలు గీసిన గ్రాఫును చెరపనిచ్చేవారు కాదు. సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు చూసేవారు.

ఒకసారి తుఫాను వల్ల వారంగా పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఆవిడ పంపితే పిల్లలు జాలర్ల పేటలో ఇల్లిల్లూ తిరిగి, రాత్రి ఏం కూర వండారో అడిగి వచ్చారు. బోర్డు మీద పచ్చిచేపల పులుసు బార్ అన్నిటికన్నా పొడుగ్గా లేచింది. సోషల్ చెప్పే నేను గుమ్మంలో ఆగి నవ్వాను.

“వేటే లేదు కదండీ, పచ్చిచేపలెక్కడివి? అన్నీ అబద్ధాలే!”

పేట పిల్లలు తలలు దించుకున్నారు. ఒకమ్మాయి మెల్లగా, “ఇంటికొచ్చినోళ్ళతో ఏమీ వండలేదని చెప్పరండి మాస్టారూ,” అంది.

టీచరుగారు బార్లు ముట్టుకోలేదు. పైనున్న ‘రాత్రి వండిన కూర’ను ‘రాత్రి వండామని చెప్పిన కూర’గా మార్చారు.

“ఇప్పుడు సరిపోయిందా మాస్టారూ?” అని నన్నే అడిగారు. నేను స్టాఫ్ రూముకి వెళ్ళిపోయాను.

ఆవిడ అబద్ధాలకు గ్రాఫులు గీయిస్తారని స్టాఫ్ రూములో ప్రచారం చేసింది నేనే. బదిలీ అయ్యేదాకా ఆవిడకి ఆ పేరు పోలేదు. ఆ రోజు నన్ను ఎగతాళి చేశారో, నిజంగానే అడిగారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సరిపోయిందండి, టీచరుగారూ.