సెలవుల పుస్తకంలో మునిగిపోయిన ఆమె

ఈ ఏడాది మే నెల మొదటి సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా వసారాలో ఇంగ్లీషు నవల చదవడం మొదలైంది. అంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే మా మనవరాలు లోపలి గదిలోంచి విసుక్కుంటూ బయటికి వచ్చింది. కరెంటు పోకపోతే ఆ పుస్తకం దాని సంచిలోనే ఇంకో వారం ఉండేది.

మనవరాలంటే నా కూతురి కూతురు. నాయుడుపేటలో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి పూర్తిచేసింది. ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు బాగా వచ్చే పిల్లల్ని ఏరి అడ్వాన్స్‌డ్ సెక్షన్ అని వేరే కూర్చోబెడతారట. ఇరవై మందిని తీసుకుంటే మా పిల్ల ఇరవయ్యోది. సెక్షన్‌లో చేరేవాళ్ళందరూ వేసవి సెలవుల్లో ఒక నవల చదవాలి. ఒక్కో అధ్యాయం గురించి ఒక్కో పేజీ సొంత మాటల్లో రాయాలి. బడి తెరిచిన రోజున పాతిక మార్కులకు పరీక్ష. పదిహేను రాకపోతే మామూలు సెక్షన్‌కు పంపించేస్తారు. అడ్వాన్స్‌డ్ వాళ్ళచేత ప్రతి ఏడాదీ ఇంగ్లీషు నాటకం వేయిస్తారు. పిల్లకు నాటకం అంటే ప్రాణం. "నన్ను తీసేస్తే ఇంక ఆ బడికే పోను" అని సెలవులకు మా ఊళ్ళో బస్సు దిగిన రోజే చెప్పింది.

బడి నుంచి వచ్చిన మెసేజ్‌ను అల్లుడు మాకు పంపాడు. మా ఆయన ఫోను దూరంగా పట్టుకుని చదివాడు.

"సమ్మర్ రీడింగంట. ఎండాకాలం రీడింగు ఎక్కువే వస్తాదిలే, పొద్దస్తమానం ఫ్యాన్లు తిరగతా ఉంటే! లైన్‌మేన్ వచ్చి చూసుకుంటాడు. దానికి బిడ్డనెందుకు సతాయించేది?"

"తాతా, అది కరెంటు రీడింగ్ కాదు, పుస్తకం రీడింగ్!"

"మరి అట్టని రాయొచ్చు గదా ఆ మెసేజిలో."

నేను ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుని చదివేంత వరకే వచ్చు, నవలలు అర్థమయ్యేంత రాదు. అందుకని పిల్లకు ఒక నియమం పెట్టాను. ఆదివారాలు తీసేసి రోజుకు ఏడు పేజీలు చదవాలి, చదివినదాన్ని నాకు తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే చదవనట్టే లెక్క.

పుస్తకంలో రెండు వందల పద్నాలుగు పేజీలున్నాయి. పిల్ల పన్నెండో పేజీ నుంచి మొదలుపెట్టింది. "ముందున్న పదకొండూ?" అని అడిగాను. "అది ముందుమాట అమ్మమ్మా" అంది. ముందుమాటలు నేనూ చదవను. సరేనన్నాను.

వినడానికి నేనొక్కదాన్నే లేను. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు సముద్రంలో వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి, చిరిగిన వలలు బాగుచేసుకునే కాలం అదే. మా వసారాకు గాలి బాగా తగులుతుందని పక్కింటి వదిన, ఆమె కోడలు వలలు తెచ్చి అక్కడే పరుచుకుంటారు. మొదటిరోజు వాళ్ళు తల కూడా ఎత్తలేదు. రెండో రోజు వదిన చేతిలో సూది ఆగింది.

"ముసలాయన రోజూ తెల్లవారుజామునే లేచి ఆమె దగ్గరికి వెళ్తాడు" అని చెబుతోంది పిల్ల.

"ఎవురి దగ్గరికి?"

"వాళ్ళావిడ దగ్గరికి అవ్వా. ఆమెకు ఒక పేరుంది, పొడుగ్గా. ఒడ్డున ఉంటుంది."

"ఒడ్డునా? ఇంట్లో పెట్టుకోడా?"

"సాయంత్రం అయ్యేసరికి ఆమెను ఒక కొయ్యకు కట్టేసి ఆయనొక్కడే ఇంటికొస్తాడు."

వదిన సూదిని వలలో గుచ్చి పక్కన పెట్టేసి నా వైపు తిరిగింది. "కట్టేస్తాడా! ఓ వదినా, విన్నావా? వాన వస్తే?"

పిల్ల పేజీలో వెతికింది. "వాన వస్తే పట్టా కప్పుతాడు."

"ఆ మాత్రం దయ ఉండాదిలే ముదనష్టపోడికి!"

ఆనాటి నుంచి మధ్యాహ్నం మూడయ్యేసరికి వదిన మాకంటే ముందే వసారాలో ఉండేది. ముసలాయన మీద ఆమెకు అంత కోపం. వినకుండా ఉండలేదు, విని తిట్టకుండా ఉండలేదు. ఒకరోజు పిల్ల, "ఏడాదికోసారి ఆయన ఆమెకు రంగు పూస్తాడు. పోయినేడు నీలం రంగు" అని చెప్పింది.

"నీలమేంది?" అన్నాను.

"కంటికేమోలే పిన్నీ, టీవీలో పూసుకోరా" అంది కోడలు. "ఎంత కట్టేసినా ఆయన రంగన్నా కొనిస్తన్నాడు. మా ఇంట్లో ఆయన పౌడరు డబ్బా కొనియ్యమంటే సముద్రం వైపు చూస్తాడు."

"నా కొడుకునెందుకే మధ్యలోకి లాగుతావు?" అంది వదిన.

"లాగితే వచ్చే మనిషా ఆయన?"

ఇలాగే సాగింది. మే నెల చివర్లో నాకు మొదటి అనుమానం వచ్చింది. ఆనాటి పేజీల్లో ముసలాయన తన తండ్రిని తలుచుకుంటాడు. పిల్ల వేలు పెట్టి చదివి, అర్థం చెప్పింది. "నేను పుట్టిన ఏడాదే మా నాన్న తన చేతుల మీదుగా ఆమెను కట్టబెట్టాడు."

"కట్టబెట్టాడనే ఉందా అక్కడ?"

"బిల్ట్ అని ఉందమ్మమ్మా. బిల్ట్ అంటే కట్టాడు. మనిషిని కడతారా? కట్టబెట్టాడనే అయ్యుంటుంది. చేతులతో అని కూడా ఉంది చూడు."

చేతుల మీదుగా కట్టబెట్టడం అంటే మాకు పెళ్ళి చేయడమే, ఇంకో అర్థం లేదు. కానీ లెక్క కుదరలేదు. "పుట్టిన ఏడాదే పెళ్ళేమిటి? ఉయ్యాల్లో ఉన్నవాడికా?"

"మా తాతల కాలంలో చేసేవాళ్ళు వదినా," అంది వదిన. "మేనరికమై ఉంటాది. అత్త కూతుర్ని అనుకోనుంటారు."

వరస కుదిరిపోయింది కాబట్టి ఆ ఇద్దరికీ ఇంక అభ్యంతరం లేదు. తెల్లవాళ్ళలో మేనరికాలు ఉంటాయా అని నేను మాత్రం ఆ రాత్రి మా ఆయన్ను అడిగాను. "వాళ్ళకూ అత్తలుంటారు గదా" అన్నాడు ఆయన.

ఆ మర్నాడే ఆమె మునిగిపోయింది. తుపానులో కొయ్యకు కట్టిన తాడు తెగింది. ముసలాయన ఒడ్డున నిలబడి కేకలు పెడుతుండగా నీళ్ళు ఆమెను రాళ్ళ మీదికి లాక్కుపోయాయి. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన పైకే తిట్టింది. "కట్టేసి పెడితే పోక ఏమైతాది? సంపినాడు! చేతులారా సంపినాడు!" నేను కాఫీ తెస్తే ముట్టలేదు. "ఇప్పుడే గదా వదినా పోయింది ఆ మహాతల్లి, కాఫీ యాడ దిగతాది?" అంది. మర్నాడు కూడా తాగలేదు.

జూన్ మొదటి శుక్రవారం, ఇరవై తొమ్మిదో రోజు, చివరి ఏడు పేజీలు మిగిలాయి. తుపాను వెలిశాక ముసలాయన ఒడ్డంతా వెతుకుతాడు.

"నీళ్ళు వెనక్కి పోయాక ఆమె పక్కటెముకలు ఇసుకలోంచి పైకి కనిపించాయి" అని చదివి చెప్పింది పిల్ల.

"రామ రామా" అంది కోడలు.

"ఆయన పక్కన కూర్చున్నాడు. సుత్తి తీసుకుని... ఆమెలోంచి మేకులు ఒక్కొక్కటే పీకాడు."

వదిన తల వంచి, చేతిలో వలను చూసి, ఎదురుగా ఒడ్డుమీద వరసగా ఉన్న పడవల్ని చూసింది.

"మనిషికి మేకులేంది?"

"ఏమో అవ్వా. ఉంది ఇక్కడ."

"ఓ వదినా! అది మనిషి కాదు, పడవ!"

నేను పుస్తకం లాక్కుని మొదటి పేజీ తీసి కూడబలుక్కున్నాను. నాలుగో వాక్యంలోనే బోట్ అన్న మాట ఉంది, దాని పక్కనే ఆ పొడుగాటి ఆడపేరు ఉంది. పిల్ల ముందుమాట అని వదిలేసింది మొదటి అధ్యాయాన్నే. "గాలి, మబ్బులు, కొండలు, అంతా అదే ఉంటే కథ లేదనుకున్నా" అంది తర్వాత. ఇంగ్లీషువాళ్ళు పడవను 'షీ', అంటే 'ఆమె' అంటారట, దాని వంపు చెక్కల్ని పక్కటెముకలంటారట. మనకైతే మనిషైనా పడవైనా పోయింది అంటే పోయిందే, మునిగింది అంటే మునిగిందే. అందుకే ఇరవై తొమ్మిది రోజులూ మా నలుగురిలో ఎవరికీ ఎక్కడా తట్టలేదు.

కోడలు నవ్వి నవ్వి వల మీద పడిపోయింది. "పట్టా కప్పినాడంట! నీలం రంగంట!" మా ఆయన లోపలినుంచి వచ్చి, సంగతి విని, "అయితే మేనరికం కాదన్నమాట" అన్నాడు.

నవ్వనిది పిల్ల ఒక్కతే. తను రాసిన పదిహేడు పేజీలూ పడవను పెళ్ళాం చేసి రాసినవే. పరీక్ష వచ్చే శుక్రవారం. కళ్ళు తుడుచుకుంటూ, "ఇట్లాగే ఇచ్చేస్తా. ఇరవై మందివి ఆ టీచర్ మొత్తం చదువుతుందా ఏంటి" అంది.

"నేనైతే చదువుతాను. ఆమె కూడా చదువుతుంది" అన్నాను.

"అయితే నన్ను తీసేస్తారు."

"ఆరు రోజులుంది. రోజుకు ముప్పై ఆరు పేజీలు, మూడు అధ్యాయాలు. చివరిరోజుకు రెండు పేజీలు తగ్గుతాయి కూడా."

"ఎవరు వింటారు మళ్ళీ మొదట్నించీ? కథ తెలిసిపోయిందిగా."

అప్పటిదాకా వదిన ఒడ్డు వైపే చూస్తూ ఉంది.

"నేను వింటా పాపా. ఇన్ని దినాలు ఆ ముసలాయన్ను నోటికొచ్చినట్టు తిట్టినా గదా. పడవను కట్టెయ్యక ఇడిసిపెడతారా ఎవురైనా? వానకు పట్టా కప్పినాడంటే ఎంత బాగా చూసుకున్నాడు! మళ్ళీ చదువు. ఈసారి తిట్టకుండా వింటా."

మర్నాడు ఏడు గంటలకే మొదలుపెట్టాం. మొదటి అధ్యాయంలో కథ లేదన్నది నిజం కాదు. తండ్రి చెక్కలు కోసి, వంచి, మేకులు కొట్టి పడవ కట్టడమంతా అందులోనే ఉంది. తిట్టనన్న వదిన మాట మీద నిలబడింది కానీ నోరు ఊరుకోలేదు. "ఆ తాడు పాతది, మార్చుకోవాల్సింది" అనేది. "ఇంకో లంగరు ఎయ్యొచ్చు గదా" అనేది. ఐదో రోజు తాడు తెగినప్పుడు తిట్లు లేవు. పిల్ల చదవడం ఆపి ఆమె వైపు చూసింది.

"ఆయన మేకులు ఎందుకు పీకి దాచుకున్నాడు అవ్వా? తుప్పు పట్టి ఉంటాయి గదా. మళ్ళీ పడవ కట్టలేదు కూడా."

వదిన లేచి ఇంటికి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి పిల్ల ఒళ్ళో పెట్టింది. మూత రావడానికి మా ఆయన స్క్రూడ్రైవరు తేవాల్సి వచ్చింది. లోపల మేకులు, వేలెడు పొడుగువి, ఎర్రగా తుప్పు పట్టినవి.

"మా చెక్కపడవవి. పోయినప్పుడు మా ఇంటాయన ఇట్నే ఒడ్డంతా ఏరకొచ్చినాడు. ఎందుకయ్యా అంటే చెప్పలా. ఇప్పుడు ఫైబరు పడవలు గదా, మేకుతో పనే లేదు. అయినా పారెయ్యనీడు. అటక తుడిచినప్పుడల్లా ఈ డబ్బా దించి, మళ్ళీ ఎక్కించేది నా పని."

"అడగలేదా మళ్ళీ?"

"ఏమని అడగతావు? పారేసేవైతే ఏరకొచ్చుంటాడా?"

పిల్ల ఒక మేకు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది నేను తీసుకోనా?"

"తీసుకో. మా ఇంటాయన లెక్కపెట్టడులే. మీ అమ్మమ్మ చెప్పకుంటే చాలు."

పరీక్ష ముందురోజు సాయంత్రం పిల్లను నాయుడుపేట బస్సెక్కించాం. పద్దెనిమిది పేజీలూ కొత్తగా రాసుకుని తీసుకెళ్ళింది. పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఒకటే వచ్చిందట, ముసలాయన మేకులు ఎందుకు దాచుకున్నాడు అని. మా పిల్ల బిస్కెట్ల డబ్బా గురించి, అటక గురించి, ఎవరూ అడగకపోవడం గురించి రాసింది. ఆ ప్రశ్నకు తొమ్మిది వచ్చాయి. మొత్తం పదిహేడు. సోమవారం రాత్రి అల్లుడు ఫోను చేసి సెక్షన్ నిలబడిందని చెప్పాడు. తర్వాత పిల్ల ఫోను లాక్కుని అరిచింది. "అవ్వకు చెప్పు అమ్మమ్మా! మేకుకు తొమ్మిది మార్కులు!"

వదినకు చెప్పాను. "ఒక్క మేకుకా?" అంది. "మొత్తం డబ్బా పంపించి ఉండాల్సింది."

ఇక పోయినవి. పిల్ల మొదట రాసిన పదిహేడు పేజీలు. పరీక్షలో ఎనిమిది మార్కులు, అందులో రెండు అలవాటుకొద్దీ ఒకచోట పడవను మళ్ళీ ముసలాయన భార్య అని రాసినందుకు. పుస్తకం వెనక అట్ట, వల సూది గుచ్చుకుని. వదిన తాగని కాఫీలు రెండు. నా మధ్యాహ్నపు నిద్రలు ముప్పై ఐదు. తుప్పు పట్టిన మేకు ఒకటి. పడవలు రెండు, పుస్తకంలోది ఒకటి, వదిన వాళ్ళది ఒకటి.