మా మామ టీవీకి మాట తెప్పించిన కథ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున సూర్యాపేట నుంచి మామ కూతురు ఫోన్ చేసి, "బావా, నాయిన లేడు" అంది. నాకు బుర్రకెక్కలేదు. బజారుకు పోయాడేమో అనుకుని, "ఎప్పుడొస్తడు?" అని అడిగాను. ఆ పిచ్చి ప్రశ్నకు పాపం ఆ పిల్ల ఏడుపు కూడా ఒక్క క్షణం ఆగింది. నిద్రలోనే పోయాడట. నేను మిర్యాలగూడలో బస్సెక్కి, సూర్యాపేట దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మా మేనమామ ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య తిరిగి తిరిగి, లోకంలో దేన్నయినా బస్సు లెక్కలోనే అర్థం చేసుకునేవాడు. పెళ్లి భోజనాల దగ్గర కూడా "జర లోపలికి జరగండ్రి, ఖాళీ ఉన్నది" అని కేకేసేవాడు. ఎవరైనా కంగారు పడితే "ఎనుక ఇంకో బస్సు ఉంటది తియ్" అనేవాడు. నేను ఇంటర్ తప్పినప్పుడు ఇంటిల్లిపాదీ తలో మాటా అంటే, ఆయన ఈ ఒక్క మాటే అని నా చేతిలో మిర్చి బజ్జీల పొట్లం పెట్టాడు. ఇవాళ నేను బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నానంటే అందులో ఆ బజ్జీల వాటా చాలా ఉంది.

అత్తమ్మకు అరవై దాటాక చెవులు మందగించాయి. "ఈయన గొంతు ఇని ఇనే పోయినయ్" అని ఆమె వాదన. చెవి మిషన్ కొనిస్తే రెండు రోజులు పెట్టుకుని, "చెవుల ఈగ జొచ్చినట్టున్నది" అని తీసి డబ్బాలో పడేసింది. పాత టీవీ ఉన్నన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది. కిందటేడు కొత్త టీవీ వచ్చింది. బొమ్మ బ్రహ్మాండం. కానీ పలక అంత పలచగా ఉన్న ఆ టీవీకి స్పీకర్లు వెనకవైపు ఉండి, సౌండ్ ఎంత పెంచినా అదేదో గోడకు రహస్యం చెబుతున్నట్టు ఉండేది. "మూతులు ఆడిస్తున్నరు గని మాట్లాడుత లేరు" అని అత్తమ్మ నాలుగు రోజులు చూసి, సాయంత్రాలు వంటింట్లో ఒక్కతే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది.

రిటైరయ్యాక వాళ్లిద్దరూ కలిసి చేసే పని ఒక్కటే, ఏడు గంటల సీరియల్. అదీ పోయింది. మామ నాకు ఫోన్ చేసి, "అల్లుడా, ఇంట్ల ఇద్దరం ఉన్నం గని ఒక్కన్నే ఉన్నట్టున్నది" అన్నాడు. ఆయన నోట అంత మెల్లగా మాట రావడం నేనెన్నడూ వినలేదు.

అప్పుడు ఆయనకు షోకేసులోని స్పీకర్లు గుర్తొచ్చాయి. ఉద్యోగం కొత్తలో సరదాపడి కొన్న చెక్క స్పీకర్లు రెండు. పుస్తకాల అరలో పట్టేంతవి. వాటిని పలికించే పెట్టె ఎప్పుడో పాడైపోయింది. ఇవి మాత్రం నెత్తిన ప్లాస్టిక్ పూలు పెట్టుకుని ముప్పై ఏళ్లుగా ఊరికే కూర్చున్నాయి. మామ వాటిని దింపి, తీగల కొసలు గీకి, టీవీ వెనక్కి పోయి, మళ్లీ నాకు ఫోన్ చేశాడు.

"ఇంత పెద్ద టీవీకి రెండు తీగెలు వెట్టే సందు లేదేందిరా?"

ఈ స్పీకర్లకు సొంత బలం ఉండదని, టీవీ నేరుగా వాటిని పలికించలేదని, నడుమ ఒక ఆంప్లిఫయర్ ఉండాలని చెప్పాను.

"అంటే తిరుమలగిరి నుంచి మిర్యాలగూడకు డైరెక్ట్ బస్సు లేదన్నట్టు. సూర్యాపేటల దిగి మారాలె. గంతేనా?"

నేను బడిలో అరగంట చెప్పినా పిల్లలకు ఎక్కని సంగతి ఆయనకు ఒక్క టిక్కెట్టుతో ఎక్కింది. మర్నాడే కోదాడ పోయి, తెలిసిన దుకాణంలో చిన్న ఆంప్లిఫయర్, దాన్ని టీవీకి కలిపే సన్నటి ఆప్టికల్ కేబుల్ తెచ్చాడు. ఆ కేబుల్‌లో శబ్దం వెలుతురుగా మారి ప్రయాణం చేస్తుంది. నేను ఆదివారం వస్తానన్నా ఆగలేదు. తానే బిగించాడు. టీవీ సౌండ్ బయటికి పోయేలా సెట్టింగ్ కూడా ఫోన్‌లో నన్నడిగి మార్చాడు. చప్పుడు లేదు.

ఆంప్లిఫయర్‌ను సంచిలో పెట్టుకుని కోదాడ పోయాడు. దుకాణదారు తన కేబుల్ పెట్టి చూపించి, "శుభ్రంగా పాడుతుంది కదండీ, ఇంకేం కావాలి మీకు?" అన్నాడు. ఇంటికి తెస్తే మళ్లీ మౌనం. మర్నాడు మిర్యాలగూడలో మా ఇంటికి పట్టుకొచ్చాడు. నా కేబుల్, నా స్పీకర్లతో మా వీధంతా వినబడేలా పాడింది. సూర్యాపేట పోయాక మూగబోయింది.

"కోదాడల పలుకుతది, మిర్యాలగూడల పలుకుతది. మా ఇంట్ల అడుగు వెట్టంగనే దీనికేమైతదిరా? మీ అత్తమ్మను సూసి భయపడుతున్నదా?" అన్నాడు ఫోన్‌లో.

ఇక్కడ మామ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఇంట్లో ఏ కొత్త వస్తువుకూ కవర్ తీయడు. రిమోట్‌కు కవర్, దానికి రబ్బర్ బ్యాండు. సోఫాకు కవర్, ఎండాకాలం కూర్చుంటే వీపుకు అంటుకుని మనతోపాటు లేచొస్తుంది. ఫ్రిజ్ తలుపు మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఎనిమిదేళ్లుగా ఉంది. "కవర్ తీస్తే కొత్తదనం ఖతం" అనేవాడు.

ఆదివారం పోయి టీవీ వెనక చెయ్యి పెట్టాను. కేబుల్ ఊడిపోకుండా చుట్టూ అరడజను వరుసల టేపు. విప్పి చూస్తే, కేబుల్ రెండు కొసలకూ కంపెనీవాళ్లు తొడిగిన చిట్టి ప్లాస్టిక్ మూతలు అలాగే ఉన్నాయి. మూతల వల్ల అది లోపలికి దిగలేదు. దిగడం లేదని మామ టేపు వేశాడు.

"మామా, గీ మూతలు తీయలేదేంది?"

"కొత్తదానికి మూత తీస్తరార ఎవలన్న?" అన్నాడు, తప్పు నాదే అన్నట్టు.

మూతలు లాగేసి కేబుల్ నొక్కితే టక్కున కూర్చుంది. ఆ వెంటనే సీరియల్‌లో అత్తగారి గొంతు గదంతా నిండింది. వంటింట్లోంచి అత్తమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవలొచ్చిండ్రు? మాటలు ఇనబడుతున్నయ్. చాయ్ వెట్టాల్నా?"

ముప్పై ఏళ్లు బస్సులో గొంతు చించుకున్న మామ, చేత్తో టీవీ వైపు చూపించాడు. నేను చాయ్ కావాలన్నాను.

మామ పదోరోజు కార్యం అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. ఏడు గంటలకు అత్తమ్మ ఎవరినీ అడగకుండా టీవీ పెట్టి, రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్యన తన కుర్చీలో కూర్చుంది. శబ్దం అక్కడే బాగా కలుస్తుందని మామ కొలత టేపు పట్టి చూసి ఆ కుర్చీ వేశాడట. నేను ఎడమ స్పీకరు పక్కన, గోడకు ఆనించి ఉన్న ఆయన కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి టీవీ సరిగా కనబడదు. బొమ్మలన్నీ ఏటవాలుగా, రేకుల్లా ఉన్నాయి. మాట కూడా ఒకవైపు నుంచే వస్తోంది. ఏడాదిపాటు ఇక్కడ కూర్చుని ఈయన ఏం చూశాడబ్బా అనుకున్నాను.

తల తిప్పాను. ఆ కుర్చీలోంచి పూర్తిగా కనబడేది ఒక్క అత్తమ్మ ముఖమే. టీవీ వెలుతురు దాని మీద పడి కదులుతోంది. సీరియల్‌లో ఎవరో ఏదో అన్నారు. అత్తమ్మ ఫక్కున నవ్వి, నవ్వుతూనే ఇటు తిరిగింది.