మోతి కోసం సముద్రానికి

పోయిన వారం మధ్యాహ్నం అన్నం గంట కొట్టక ముందే సిరుగుప్ప బస్సు కండక్టరు మా బడి గేటు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతను టోపీ తీయగా నేనెప్పుడూ చూడలేదు.

"టీచరమ్మా, దేశనూరు కుక్కలప్ప పోయినాడంట. ఈ పొద్దున్నే. మిమ్మల్ని తోలుకొని రమ్మన్నారు," అన్నాడు.

కుక్కలప్ప మా చిన్నాయన, మా నాయనకు తమ్ముడు. మా తాత పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అది పొలం కాగితాల మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. దేశనూరు నుంచి బళ్ళారి దాకా ఆయన కుక్కలప్పే. కుక్కకు గాలి మార్పు కావాలని సొంత వ్యానులో సముద్రానికి తీసుకుపోయిన మనిషికి ఇంకేం పేరు మిగులుతుంది? ఆ పేరు పెట్టి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన మరుసటి ఏడు అమ్మ విషజ్వరంతో పోయింది. అప్పుడు నాకు పదేళ్ళు. అమ్మ పోయిన రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు, నోట మాట రాలేదు. మేనత్తలు బుజ్జగించారు. నాయన కసిరాడు. అవ్వ నా దవడలు పట్టుకొని బలవంతంగా మజ్జిగ పోసింది. తినమని ఎవరు దగ్గరకు వచ్చినా నేను పళ్ళు కరుచుకునేదాన్ని. గాజులు మోచేతి దాకా జారిపోతుంటే తీసి గూట్లో పెట్టారు.

ఒక్క చిన్నాయన మాత్రం తినమని అనలేదు. ఒకరోజు సాయంత్రం వచ్చి, వంటింటి గడప దగ్గర పడుకున్న మోతిని చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. మోతి మా అమ్మ కుక్క. కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడు అమ్మ దూది పాలలో ముంచి దానికి పట్టేది.

"ఏంది పాపా ఇది, మూడు దినాల నుంచి ఏం ముట్టల్యా?" అన్నాడు.

నేను అప్పటిదాకా గమనించలేదు. రొట్టె ముక్క తెచ్చి ముందు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. అమ్మ వెనకాలే ఇదీ పోతుందని భయం పట్టుకుంది. మర్నాడు ఆయన వచ్చి, గొడ్ల డాక్టరును అడిగానని చెప్పాడు.

"గాలి మారల్లంట పాపా. సముద్రం గాలయితే ఇంకా మంచిదంట. నువ్వు గూడా రావల్ల. నువ్వు లేకుంటే అది బండెక్కదు."

నాయన మండిపడ్డాడు. "నీకేమన్నా తిక్క పట్టిందా? కుక్కకు సముద్రమా?"

"బండి మనదే గదన్నా. ఊరికే పడుండాది," అన్నాడు చిన్నాయన.

ఆ బండి యుద్ధం అయిపోయాక బళ్ళారిలో వేలంలో పాడుకున్న పాత మిలిటరీ అంబులెన్సు. దాంట్లో పత్తి మిల్లుకు తోలేవాడు. పక్కనున్న ఎర్ర శిలువ గుర్తు మీద పచ్చరంగు కొట్టినా, ఎండ పడితే ఆ ఎరుపు అడుగు నుంచి కనిపించేది. నా కోసం, అంటే మోతి కోసం, ఆ బండిని ఇల్లు చేశాడు. అటూ ఇటూ రెండు బల్లలు వేసి, వాటి మీద పత్తి కూరిన గోనెలు పరిచాడు. మూలన పంపు స్టవ్వు, ఒక బస్తా జొన్నపిండి. వెనకాల పీపా నిండా తుంగభద్ర నీళ్ళు.

"సముద్రంలో నీళ్ళుండవా ఏంది?" అంది చిన్నమ్మ.

"ఉంటాయి, ఉప్పగుంటాయి. తర్వాత నన్ను అంటావు," అన్నాడాయన.

మేం ముగ్గురం, కుక్కలు రెండు. రెండోది చిన్నాయన కుక్క, కర్రోడు. వాళ్ళకు పిల్లలు లేరు, కర్రోడే కొడుకు. వాడు ముందు సీట్లో చిన్నమ్మ ఒడిలో కూర్చుని తల బయటపెట్టి, ఎదురొచ్చిన ప్రతి ఎద్దులబండినీ తిట్టేవాడు. హోస్పేట, హుబ్బళ్ళి దాటి ఘాటు దిగి సముద్రం ఒడ్డున కార్వారు చేరడానికి మాకు మూడు రోజులు పట్టింది. మంచి చెట్టు కనిపిస్తే ఆపేవాడు, మంచి బావి కనిపిస్తే ఆపేవాడు. చిన్నమ్మ విసుక్కుంటే ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటే. "తొందరేముండాదే? పొయ్యేది మనమే, ఆడ మన కోసం ఎవురు కాసుకోనుండారు?" ఇప్పుడు నేను బడికి ఆలస్యమై పరుగెత్తేటప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. నడుస్తాను.

సముద్రం చూసి నాకేమీ అనిపించలేదని చెబితే మీరు నమ్మరు. ఎదురుగా అంత నీళ్ళుంటే నేను మోతి మొహమే చూస్తూ కూర్చున్నాను. సరుగుడు చెట్ల పక్కన బండి ఆపుకున్నాం. చిన్నమ్మ రాళ్ళ మీద పెనం పెట్టి రొట్టెలు తట్టేది. చిన్నాయన బండి నీడలో చాప వేసుకొని, కాళ్ళు సముద్రం వైపు చాపి పడుకునేవాడు. కర్రోడు అలల వెంట ఉరికి, అల తన మీదికి వస్తే మొరుగుతూ వెనక్కి పారిపోయేవాడు. మోతి ఇసుకలో గుంత తవ్వుకొని అందులో ముడుచుకునేది. అన్నం వేళకు లేచి వచ్చేది, వాసన చూసేది, మళ్ళీ గుంతలోకి పోయేది.

"దానికి ధైర్యం చాలల్యా పాపా," అన్నాడు చిన్నాయన. "నువ్వు దాని ముందర ఒక ముద్ద తిని సూపిచ్చు. అప్పుడు దానికొక ముద్ద పెట్టు. నువ్వు తినకుంటే అది ఎట్ల తింటాది?"

తిన్నాను. పాలలో నానేసిన రొట్టె, రాయి మింగినట్టు మింగాను. మోతి చూసింది గానీ ముట్టలేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నాను. అయినా ముట్టలేదు. దాని ప్రాణం నా గొంతులో ఉందనుకొని మింగేదాన్ని.

ఆ రోజుల్లో తెల్లవారుతుండగానే చిన్నాయన కుక్కల్ని తీసుకొని ఒడ్డు వెంట చాలా దూరం పోయేవాడు. చేతిలో తువ్వాలు కప్పిన సత్తు గిన్నె ఉండేది. మూత ఉన్న గిన్నె. బయటికి పోవడానికి చెంబు లేక గిన్నె పట్టుకుపోతున్నాడని నాలో నేను అనుకొని ఊరుకున్నాను.

మూడో రోజు మా ఊరివాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఒకటి చేశాం. ఎండాకాలం కెంచనగుడ్డ దగ్గర తుంగభద్ర ఏటిలోకి పుచ్చకాయలకు పోతే, బండిని పొడి ఇసుకలో ఆపరు. చక్రం కూరుకుపోతుంది. నీళ్ళ పక్కన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడికి దింపుతారు. ఏరు ఎక్కడుందో సాయంత్రానికీ అక్కడే ఉంటుంది కదా. చిన్నాయన అదే లెక్కన, గాలి బాగుంటుందని, అలల దగ్గర గట్టి ఇసుకలోకి వ్యాను దింపాడు. మధ్యాహ్నం తిని ఆయనా చిన్నమ్మా లోపల బల్లల మీద నిద్రపోయారు. నేను ఒడ్డున కూర్చుని ఉన్నాను. మోతి ఉన్నట్టుండి గుంతలోంచి లేచి బండి వైపు మొరిగింది. చూద్దును కదా, నీళ్ళు చక్రాల సగానికి వచ్చేశాయి.

"చిన్నాయనా! నీళ్ళు! బండి మునిగిపోతాండాది!" అని అరిచాను. నెలన్నర తర్వాత నా గొంతు నాకు వినిపించింది అప్పుడే.

ఆయన పంచె ఎగ్గట్టుకొని దూకాడు. "ఇదేందే, వాన ల్యాకుండానే ఏరొచ్చె!" అంటోంది చిన్నమ్మ. చేపలవాళ్ళు పదిమంది నవ్వుతూ వచ్చి మోకులు కట్టి లాగారు. వాళ్ళది కొంకణి, చిన్నాయనది కన్నడం, కోపమొస్తే తెలుగు. నేనూ మోకు పట్టుకున్నాను. కుక్కలు రెండూ మొరుగుతూనే ఉన్నాయి. బండి పైకి వచ్చాక అందరం ఇసుకలో కూలబడ్డాం. చిన్నమ్మ తడిసిన రొట్టెల మూట విప్పి చేతికి దొరికినవి దొరికినట్టు అందరికీ పెట్టింది. రెండు రొట్టెలు తిన్నాక గానీ తింటున్నానని నాకు తెలియలేదు. చిన్నాయన చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం మోతి నా చేతిలో ముద్ద తినింది.

"తినింది! చిన్నాయనా, మోతి తినింది!" అని నేను గంతులేశాను.

"ఊ. తింటాది. తినక యాడికి పోతాది," అన్నాడు. అని, అవతలికి తిరిగి, బండికి కట్టి ఉన్న తాడునే విప్పి మళ్ళీ కట్టాడు. ఎంతసేపో కట్టాడు.

పన్నెండు రోజులున్నాం. చివరి రోజుల్లో మోతీ నేనూ పోటీలు పడి తినేవాళ్ళం. తిరిగి వచ్చాక ఊరంతా ఆయనకు పేరు పెట్టింది. నాకు మాత్రం ఒక గర్వం మిగిలింది. పదేళ్ళ వయసులో ఒక ప్రాణాన్ని నిలబెట్టినదాన్ని. చదువుకోవడానికి ఒంటరిగా బళ్ళారి వచ్చినప్పుడు, మొదటిసారి తరగతి ముందుకు వచ్చినప్పుడు, అదే తలుచుకొని నిలబడ్డాను.

మొన్న ఉగాదికి మా అత్తగారివాళ్ళ ముందు ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించాను. "కుక్కను సముద్రానికి తోలుకపోయినోడు లోకంలో మా చిన్నాయన ఒక్కడే," అన్నాను. ఆయన గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. "ఏం జేస్తాం పాపా, నోరు తెరిసి అడగలేనోళ్ళను మనమే సూసుకోవల్ల," అన్నాడు. అందరికంటే నేనే గట్టిగా నవ్వాను. ఆయనను ప్రాణంతో చూడడం అదే ఆఖరు.

దేశనూరులో అన్నీ అయిపోయాక, రెండో రోజు కూడా నాకు ముద్ద దిగలేదు. చిన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మోతి మాదిరి పస్తుంటావా?" అంది. ఆ మాటకే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మోతి యాడ పస్తుండిందమ్మా? ఒక్క పూట గూడా పస్తు లేదు. పస్తుండింది నువ్వు."

నేను ఆమె మొహం చూశాను.

"బళ్ళారి డాక్టరు చెప్పినాడు, ఇంకో నెల ఇట్లే ఉంటే ఈ బిడ్డ చేతికి దక్కదని. తినమంటే నువ్వు పండ్లు కరుసుకుంటాంటివి. అందుకని కుక్కను ముందర పెట్టినాడు. దినామూ తెల్లారక ముందే ఆ మూత గిన్నెలో పట్టుకపోయి దానికి కడుపునిండా పెట్టేటోడు, నీ ముందర అది వాసన సూసి ఇడ్సిపెట్టల్లని. నువ్వు ఎంత తింటే, మర్సనాడు పొద్దున దానికి అంత తగ్గిచ్చేటోడు."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తాననింటి. ఒద్దన్నాడు. కుక్కను బతికిచ్చినాననుకోనుండాది పాప, అట్లే ఉండనీ అన్నాడు."

నాకు సిగ్గేసింది. పద్నాలుగేళ్ళు ఆయనను చూసి నవ్వాను. ఆ నవ్వులన్నీ తెలిసే భరించాడు, నా గర్వం నాకు ఉంచడానికి. ఒక్కసారి, ఒక్కసారైనా ఆయన ముందు కూర్చుని, నాకు తెలిసింది చిన్నాయనా అని చెప్పే వీలు లేకుండా పోయింది. ఇక ఆపుకోలేక ఏడ్చాను.

మూడో నాడు పొద్దున వాకిట్లో నా ముందు విస్తరి వేశారు. వ్యాను చింతచెట్టు కింద అలాగే ఉంది. చక్రాలు లేవు, లోపల కోళ్ళు. పచ్చరంగు పూర్తిగా రాలి, శిలువ ఎర్రగా బయటపడింది. దాని కింద నుంచి మోతి మనవరాలు లేచి వచ్చింది. దాని పేరూ మోతే. వచ్చి నా విస్తరి ముందు కూర్చుని మొహంలోకి చూసింది.

ఒక ముద్ద కలిపి దానికి పెట్టాను. వాసన చూసి, మొహం తిప్పుకొని, ముందరి కాళ్ళ మీద తల పెట్టుకుంది.

తలెత్తి చూశాను. చిన్నమ్మ బావి దగ్గర నిలబడి ఎటో చూస్తోంది. ఆమె చేతిలో మూత గిన్నె ఉంది. అప్పుడే కడిగినట్టుంది, నీళ్ళు కారుతున్నాయి.

నేనొక ముద్ద కలుపుకొని తిన్నాను.