మందలో కలిసిన ఉత్తరాది బాతు

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ కూర్చోమనలేదు. బస్సు కండక్టర్ని కూర్చోమనేదెవరు? రాజమండ్రి నుంచి జంగారెడ్డిగూడెం, అక్కణ్ణుంచి మళ్ళీ రాజమండ్రి, నిలబడి ఊగుతూనే జీవితం గడిచిపోయింది. రిటైరయిన తర్వాత వచ్చిన మొదటి చలికాలంలో మాత్రం ఇల్లు నాకు అడ్డు, నేను ఇంటికి అడ్డు అన్నట్టు తయారైంది. కాఫీ తాగడం, వరండాలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వరండాలోకి తిరగడం.

"కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటండి? ఆ తిరిగేదేదో కాలవ గట్టు మీద తిరగండి, ఒంటికైనా మంచిది," అంది మా ఆవిడ. కోపం వచ్చింది గానీ వెళ్ళాను.

ఆ ఏడాది పక్షులకి కూడా కాలు నిలవలేదేమో. ఫోన్ తెరిస్తే చాలు, యానాం దిగువన రాజహంసలు దిగాయని ఒకరు, రొయ్యల చెరువు గట్టున ఎన్నడూ చూడని డేగ కూర్చుందని ఇంకొకరు, ఒకటే ఫోటోలు. మా ఊరి హైస్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారు ఈ పక్షుల కోసమే ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతారు. నన్నూ అందులో చేర్చారు. అందరికీ అన్నీ కనబడుతున్నాయి, నాకు మాత్రం కొంగలు తప్ప ఏమీ కనబడటం లేదని లోలోపల ఉడుక్కునేవాణ్ణి.

సార్వా వరి కోతలు అయిపోయి, రెండో పంట దాళ్వాకి ఇంకా నీళ్ళు పెట్టని రోజులవి. కొల్లేరు వైపు నుంచి బాతులు మేపేవాళ్ళు వచ్చి మా చేలల్లో దిగారు. రాలిన గింజలూ నత్తలూ ఉన్నన్నాళ్ళు మేపుకుని, నీళ్ళు వదిలే వేళకి వేరే ఊరు పోతారు. ఒక పొద్దున గట్టు మీంచి ఆ మందని చూస్తూ నిలబడ్డాను. నిండు బస్సులో టికెట్ తీసుకోనివాణ్ణి వాలకం చూసి పట్టేసేవాణ్ణి నేను. ఆ కళ్ళకే అది తగిలింది. మిగతా బాతులకంటే జానెడు ఎత్తు ఎక్కువ. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, ఆ తల వెనక అడ్డంగా రెండు నల్లటి పట్టీలు.

ఫోటో పంపగానే మాస్టారు ఫోన్ చేశారు. "ఎక్కడ చూశారండీ? అది హిమాలయాల అవతలి పక్షి. ఆ కొండల మీదుగానే ఎగిరొస్తుంది, చలికాలం వెళ్ళగానే మళ్ళీ అటే పోతుంది. మన చేలల్లో ఇలా ఒక్కటే కనబడటం వింతేనండి," అన్నారు. ఆ రోజంతా ఇంట్లో నా నోట హిమాలయాలే. "అంత దూరం నుంచి వస్తూ మనకేమైనా తెచ్చిందా?" అని అడిగింది మా ఆవిడ.

మర్నాడు మందని కాసే ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగాను.

"ఎక్కణ్ణుంచొచ్చిందో తెలీదు బాబాయిగారూ. తెల్లారి గుడ్లు ఏరుకుంటుంటే, రాత్రిళ్ళు మంద చుట్టూ కట్టే వల పక్కన నిలబడుంది. తోలితే మందతోపాటే నడిచింది. దానంతటది మందలోకొచ్చినదాన్ని మేం వెళ్ళగొట్టమండి. కొయ్యం, అమ్మం. రేపో ఎల్లుండో ఒక పక్క రెక్క కత్తిరించేస్తే అలవాటు పడిపోద్ది," అంది.

కొత్తగా చేరిన బాతుకి ఒక రెక్క ఈకలు కత్తెరతో కురచ చెయ్యడం వాళ్ళ పద్ధతట. నొప్పి ఉండదట, మళ్ళీ మొలుస్తాయట. "అవి మొలిచేసరికి ఎండలు ముదిరిపోతాయి, చలిదేశపు పక్షి ఇక్కడ మాడి చస్తుంది," అని గొంతు పెంచాను. ఆవిడ తాపీగా, "ఇప్పుడు మాత్రం దాన్ని ఎవరు పట్టుకున్నారండి?" అంది. వాదించగా వాదించగా ఒక మాటకి వచ్చాం. మంద ఊరు మారేదాకా ఆవిడ ఆగుతుంది. ఈలోగా ఎగిరిపోతే దాని అదృష్టం. మందతోపాటు లారీ ఎక్కితే మాత్రం కత్తెర తప్పదు.

ఇక నాకు స్థిమితం లేదు. నిజం చెప్పాలంటే ఆ తాపత్రయమంతా పక్షి మీద జాలితోనే కాదు. నా బస్సు తిరుగుడు ఎలాగూ ఆగిపోయింది. తిరగగలిగి కూడా తిరగనిదాన్ని చూస్తే ఒళ్ళు మండిపోయేది. రోజూ పొద్దున్నే పంచె ఎగ్గట్టి చేలోకి దిగేవాణ్ణి. చప్పట్లు కొట్టాను, తువ్వాలు ఊపాను, మట్టిబెడ్డలు విసిరాను, నోటికొచ్చినట్టు తిట్టాను. అదిలించినప్పుడల్లా బాతులన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ముద్దగా చేరేవి, అదీ వాటి మధ్యకే దూరేది. బాతులు కాసేవాళ్ళు కర్ర పట్టుకునేదే అందుకని, తోలేకొద్దీ మంద దగ్గరవుతుందని నాకు తట్టేసరికి కాలవకి నీళ్ళు వదిలేశారు.

గట్టు మీదికి లారీ వచ్చింది. దానికి చెక్క పలక ఆనించి ఆవిడా, మొగుడూ బాతుల్ని ఎక్కిస్తున్నారు. మాట ప్రకారం రెక్క ముట్టుకోలేదు ఆవిడ. అది కూడా వరసలో పలక దాకా వచ్చేసింది. నేను చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాను. ఎటు తిరిగితే అటు తిరిగాను. "ఏంటిది బాబాయిగారూ," అని మొగుడు విసుక్కుంటే, "పోనీలే, ఆయన ముచ్చట తీరనీ," అంది ఆవిడ. ఆఖరి బాతు ఎక్కింది. తలుపు వేశారు. లారీ కదిలింది.

గట్టు మీద నేనూ, అదీ మిగిలాం. అది మెడ సాచి అరిచింది. అన్నాళ్ళలో దాని గొంతు వినడం అదే మొదలు. కాస్త దూరం పరిగెత్తి రెక్కలు విప్పింది. ఎంత పెద్ద రెక్కలో. ఆ గాలి నా మొహానికి కొట్టింది. కొబ్బరిచెట్ల మీదికి లేస్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నెగ్గాననుకున్నాను. అక్కడ ఒక చుట్టు తిరిగి, దక్షిణంగా పోతున్న లారీ వెనకాల పడింది. లారీ మలుపు తిరిగితే అదీ తిరిగింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "ఎగిరిందా?" అంది.

"ఎగిరింది."

"అమ్మయ్య. హిమాలయాలకేనా?"

"లారీ వెనకాల," అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఒక్కతే అంత దూరం ఎలా పోతుందండీ, పాపం," అంది.

ఇన్నాళ్ళూ పో పొమ్మని దాని వెంటపడ్డానే గానీ, ఎవరితో పొమ్మంటున్నానో ఒక్కసారీ అనుకోలేదు.