ఒళ్లో మడ్గార్డులు

మైదుకూరులో కడప బస్సు ఎక్కబోయిన ఒక ముసలాయన సైకిలును కండక్టరు అడ్డుకున్నాడు.

"సైకిలు యాడ పెట్టల్ల తాతా, నా నెత్తినా?"

"రేప్పొద్దున కడపలో పందెం ఉండాదప్పా. అరవై దాటినోళ్లకు."

"అయితే తొక్కుకుంటా పో!"

అందరూ నవ్వారు. ఆయన సంచిలోంచి పానా తీసి మడ్గార్డులు, క్యారియరు, స్టాండు విప్పాడు. తాడుతో మూటగట్టి, బస్సులో కూర్చున్న నా ఒళ్లో కిటికీలోంచి పెట్టాడు.

"వయసులో పందేనికి ముందు బరువు తగ్గల్లని ఇట్లనే ఊడదీస్తాంటిమి. కడప బస్టాండులో కూచోనుండప్పా, వస్తా."

"నలభై కిలోమీటర్లు పెద్దాయనా. ఈ ఎదురుగాలికి మూడు గంటలు పడతాది. రేపటికి కాళ్లలో ఏం మిగుల్తాది?" అన్నాను.

"పందేనికి పోకుంటే, మిగిలి ఏం లాభం?"

కడపలో మూటతో కూర్చున్నాను. మధ్యలో ఆగిపోయి ఉంటాడేమోనని రెండుసార్లు రోడ్డు దాకా వెళ్లి చూశాను. నేను వేసిన లెక్కకు ముప్పావు గంట ముందే వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. సంతోషంగా గడియారం చూపించాను.

ఆయన నవ్వలేదు.

"గాలికే శానా టైము పోయిందప్పా. రేపు తల ఇంకొంచెం వంచి తొక్కల్ల."