మూడు గంటల టేపులో రెండు నిమిషాలు

కోవిడ్ మాస్కులు జనం అప్పుడప్పుడే తీసేస్తున్న ఏడాది. అమెరికాలోని షాంటిలీ ఊళ్లో ఇండియన్ గ్రోసరీ పక్కనున్న షాపులో పాత వీడియో టేపులను కంప్యూటర్ ఫైళ్లుగా మారుస్తుంటాను. ముప్ఫై ఏళ్ల నా సర్వీసులో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండే కేసు ఇదొక్కటే.

కిరణ్ అనే కుర్రాడు, కుర్రాడంటే నలభై దాటినవాడే, ఒక టేపు తెచ్చాడు. అతను ఇంగ్లండ్‌లో పుట్టిన కొత్తలో అక్కడి పబ్లిక్ టీవీ నుంచి వాళ్ల నాన్న రికార్డు చేసుకున్న టేపు. బ్రిటన్ టేపులు పాల్ అనే పద్ధతిలో ఉంటాయి, ఇక్కడి వీసీఆర్‌లో ఆడవు. వాటికోసం మా దగ్గర వేరే మెషీన్ ఉంది.

"అంకుల్, ఇందులో డాడ్ టూ మినిట్స్ ఉన్నారట. గ్రీన్‌హౌస్‌లో పొట్లకాయలు పెంచారని టీవీ వాళ్లు వచ్చి షూట్ చేశారట. నాకు మూడేళ్లప్పుడే పోయారు, వాయిస్ కూడా గుర్తులేదు. ఆ పార్ట్ ఒక్కటీ చాలు. మిగతాదంతా పాత టీవీ జంక్."

మా ఫారంలో 'ఒరిజినల్ పారేయండి' అని ఒక గడి ఉండేది. చెవిలో ఆఫీస్ కాల్ నడుస్తుండగా దాంట్లో టిక్కు పెట్టేసి వెళ్లిపోయాడు.

నేను పిక్చర్ సెర్చ్ పెట్టాను. అంటే టేపును పరుగెత్తిస్తూ బొమ్మ చూడటం. వార్తలు, క్విజ్, స్నూకర్, చర్చిలో బృందగానం, ఏదో నాటకం గిర్రున తిరిగిపోయాయి. నేను వెతికింది ఒక తెలుగు ముఖం కోసం. ఎక్కడా కనిపించలేదు. కిరణ్‌కి ఫోన్ చేసి లేరని చెప్పాను.

"ఓకే, నో వర్రీస్ అంకుల్. మామ్ కన్ఫ్యూజ్ అయుంటుంది."

తండ్రి గొంతు దొరకలేదంటే కూడా నో వర్రీసేనా అని చిరాకేసింది. అయినా టేపు తీసుకెళ్లి వెనక ఈ-వేస్ట్ డబ్బాలో విసిరేశాను.

వారం తర్వాత వాళ్లమ్మ సుభద్రగారు ఒక్కరే ఊబర్‌లో వచ్చారు. డెబ్బై దాటిన మనిషి.

"మా ఆయన లేరన్నారట. ఉన్నారు బాబూ. నేను పక్కన కూర్చుని చూశాను."

"అమ్మా, ఇది నాకు ముప్ఫై ఏళ్లుగా తెలిసిన పని," అన్నాను విసుగ్గా.

"మొత్తం చూశారా?"

"పరుగెత్తించి చూశానమ్మా, తెలుగు ముఖమే లేదు," అన్నాను.

"జనవరి నెల. గ్రీన్‌హౌస్‌లో వెచ్చగా ఉన్నా ఆయన మంకీ క్యాప్ తియ్యలేదు. కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనపడవు."

నా తల తీసేసినట్టయింది. చలికాలం వస్తే నేను పెట్టుకునేదీ అదే. వెనక్కి పరుగెత్తాను. డబ్బా తీసుకెళ్లే బండి అదృష్టవశాత్తూ ఇంకా రాలేదు. టేపు అడుగున ఉంది, పైన పడ్డ ప్రింటర్ బరువుకి పెంకు పగిలిపోయింది. లోపలి చక్రాలు తీసి మరో పెంకులో బిగిస్తున్నంతసేపూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మెషీన్‌లో రిబ్బను చిక్కుకుంటే ఆ గొంతు ఇక లేనట్టే.

శనివారం పొద్దున కిరణ్ కూడా వచ్చాడు. ఈసారి మొదటి నుంచీ, మామూలు వేగంలో పెట్టాను. స్నూకర్ అయింది. బృందగానం అయింది. రెండు కార్యక్రమాల మధ్య ఖాళీ నింపడానికి వేసిన చిన్న ముక్కలో మంకీ క్యాప్ కనిపించింది. పొట్లకాయల చివర రాళ్లెందుకు కట్టారని ఒక దొరసాని అడుగుతోంది. కట్టకపోతే వంకర తిరుగుతాయని కిరణ్ నాన్న మూర్తిగారు ఇంగ్లీషులో చెప్పి, పకపకా నవ్వారు.

కిరణ్ చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు. "ఇంతవరకు క్లిప్ చేసి ఇచ్చేయండి అంకుల్," అన్నాడు.

"క్లిప్ వద్దురా. మొత్తం కావాలి," అన్నారు సుభద్రగారు.

"మామ్, త్రీ అవర్స్ మొత్తమా? ఆ స్నూకర్ కూడానా?"

"ఏ ప్రోగ్రాంలో వేస్తారో వాళ్లు చెప్పలేదు. సాయంత్రం ఆరింటికి రికార్డు నొక్కి కూర్చున్న మనిషి మంచినీళ్లకి కూడా లేవలేదు. కొత్తది మొదలైనప్పుడల్లా 'ఇదేనేమో సుభద్రా' అన్నారు. నువ్వు నా ఒళ్లో నిద్రపోతున్నావు. నువ్వు జంక్ అన్నావే, అదంతా ఆయన పక్కన కూర్చుని చూసిందే."

అతను తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను.

మూడు గంటలూ కాపీ చేసి, టేపు ఆవిడ చేతికే ఇచ్చాను. ఫారంలో ఆ గడి కొట్టేశాను. ఓనర్ గొణిగితే, కావాలంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేయమన్నాను. అప్పటి నుంచి ఎవరి టేపైనా చివరిదాకా, మామూలు వేగంలోనే చూస్తాను. కోపం మాత్రం తగ్గలేదు. చలికాలం వాకింగ్‌కి వెళ్తూ అద్దం ముందు మంకీ క్యాప్ తగిలించుకున్నప్పుడల్లా, అందులో కనిపించే మనిషిని తిట్టకుండా గడప దాటను.