దేవదారు కాని చెట్టు

పోస్టుకి చేరిన రోజున గాలి మొహం మీద కొట్టింది. ఎత్తు పదివేల అడుగులు. వీపు మీద కిట్టు, రైఫిలు, రేడియో సెట్టు. సరిహద్దుకి ఇవతల ఓ కొండనెత్తి, రాతిగోడల బంకర్లు రెండు. కింద లోయలో ఒక ఊరు. ఆ ఊరికి మేమంటే గిట్టదు. మాకు వాళ్ళ మీద నమ్మకం లేదు.

మంచుని బొమ్మల్లో చూసి మీరు ముచ్చటపడతారు. మామిడికుదురులో పుట్టినవాణ్ణి, మొదటి పూట నేనూ ముచ్చటపడ్డాను. తర్వాత అసహ్యం పుట్టింది. డబ్బాలో నీళ్ళు గడ్డకట్టేవి. వేళ్ళు కొయ్యబారేవి. నిన్నటి దారి ఇవాళ ఉండేది కాదు.

పోస్టు కమాండరు ఒక సుబేదారు. మాట తక్కువ, తిట్టు ఎక్కువ. నేను రేడియో ఆపరేటర్ని. డిసెంబరులో మెషిన్‌గన్ మీదకి గన్నరుగా జార్ఖండ్ జవాను ఒకడు కొత్తగా వచ్చేడు. ఆ పోస్టులో క్రైస్తవులం మేమిద్దరమే.

క్రిస్మస్ ముందురోజు పొద్దున్న, పొగమంచులో, గన్నరు ఓ పచ్చటి చెట్టు ఈడ్చుకొచ్చి బంకరు గుమ్మంలో పాతేడు. నడుమెత్తు ఉంది.

సుబేదారు మండిపడ్డాడు. "ఇది సరిహద్దా, నీ అత్తారిల్లా?"

పొగమంచు విడేసరికి ఊరిపెద్ద జనాన్ని వెంటేసుకుని పైకొచ్చేడు. చేతిలో దేవదారు కొమ్మ. కింద వాళ్ళ దేవుడి తోపులో లేత దేవదారుని ఎవరో నరికేసేరట.

"మీవాళ్ళే. అదిగో, మీ గుమ్మంలోనే ఉంది," అన్నాడు.

వెనకున్నవాళ్ళు రాళ్ళు ఏరుతున్నారు. మావాళ్ళు రైఫిళ్ళు చేతుల్లోకి తీసుకున్నారు. నేను కింద కంపెనీ హెడ్‌క్వార్టర్సుకి రేడియోలో చెప్పేను. జవాబు వచ్చింది.

"ముందు అది దేవదారో కాదో తేల్చండి. ఓవర్."

ఊరిపెద్ద తెచ్చిన కొమ్మని మా చెట్టు పక్కన పెట్టి మంచులో కూర్చున్నాను. ఊరిపెద్దా కూర్చున్నాడు, నన్ను తాకకుండా. దేవదారు ఆకులు సూదుల్లా, గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. మా చెట్టుకి గుత్తి అన్నదే లేదు. ఒక్కొక్క ఆకూ విడిగా రెమ్మలోంచే పుట్టింది. బల్లపరుపుగా ఉంది. తిప్పితే అడుగున రెండు తెల్ల గీతలు. ఆయన ఓ ఆకు పీకి, నలిపి, వాసన చూసేడు.

"మాది కాదు. ఇది తోష్," అన్నాడు. ఫర్ చెట్టుని వాళ్ళు అలా అంటారు.

రేడియోలో చెప్పేను. "దేవదారు కాదు. ఫర్. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత, "మీ వైపు ఫర్ లేదు కదా. ఎక్కడిది? ఓవర్."

ఊరిపెద్ద తలెత్తి ఉత్తరపు వాలుకేసి చూసేడు. ఆయన మనుషులు రాళ్ళు కిందపడేసేరు.

"ఎక్కడ కోసేవు?" అన్నాను.

"ఉత్తరం వైపు. మంచి చెట్లన్నీ అక్కడే ఉన్నాయి," అన్నాడు గన్నరు. "జెండాలు దాటలేదు. అసలు జెండాలే కనపళ్ళేదు."

ఆ వాలంతా మందుపాతరలు. హద్దు చూపే ఎర్రజెండాలు కొత్త మంచులో మునిగిపోయేయి.

అందరం ఆ వాలు అంచుకి పరిగెత్తి చూసేం. సుబేదారు గన్నరు చెంప పగలగొట్టేడు. వెంటనే వాడి కాలరు పట్టుకున్నాడు. ఇక వదల్లేదు. గన్నరు నవ్వబోయేడు. అక్కడే కూలబడ్డాడు.

ఊరివాళ్ళు దిగిపోయేరు. పొరపాటన్న మాట వాళ్ళు అనలేదు. మేమూ అడగలేదు. తోపులో చెట్టు ఎవరు నరికేరో ఈనాటికీ నాకు తెలీదు. ఆ సాయంత్రం మేమిద్దరం క్రిస్మస్ కీర్తన ఎత్తుకోలేదు. మర్నాడు గన్నర్ని కిందకి పంపేసేరు. మళ్ళీ కలవలేదు.

వేసవిలో నేనూ దిగేను. రాజమండ్రిలో రైలు దిగి, రావులపాలెం మీదుగా బస్సులో, ఉక్కలో, ఇంటికొచ్చేను. ఇప్పుడు ప్రతి డిసెంబరూ మా చర్చివాళ్ళు ఓడలరేవు వైపునుంచి సరుగుడు చెట్టు తెచ్చి నిలబెడతారు.

"బాగుందాండీ, బాబాయిగారూ?" అంటారు కుర్రాళ్ళు.

"ఆయ్, బాగుంది."

నాకు కనిపించేది ఆ వాలే. తెల్లటి మంచు మీద గన్నరు వెళ్ళిన అడుగుల వరస. దానికి దూరంగా, చెట్టు ఈడ్చిన చారతో, వచ్చిన వరస. వెళ్ళిన దారిన రాలేదు వాడు.